సూదికి లేని భయం షాంపూకెందుకు?

పోయిన వానాకాలం ఒకాయన మా షాపుకొచ్చాడు. నల్గొండలో ప్రకాశం బజారుకు దగ్గర్లో మాది చిన్న మెడికల్ షాపు. ఆయన చేతిలో సగం అయిపోయిన కుక్క షాంపూ సీసా ఉంది. "అన్నా, ఆర్నెల్ల సంది మా కుక్కకు ఇదే వాడుతున్న. ఇన్ని దినాలు మందు షాంపూ పోస్తే ఏమన్నయితదా? తోలు పాడైతదంటున్నరు" అన్నాడు. సీసా తిప్పి చూశాను. క్రిముల్ని చంపే క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం, ఫంగస్ మందు మైకోనజోల్ 2 శాతం. చెబుదామని నోరు తెరిచేలోపే, "అది సరే గని, గా గజ్జి ట్యూబులు రెండియ్యి. అది పూస్తే రెండ్రోజుల్ల తగ్గుతది" అన్నాడు.

గజ్జి ట్యూబంటే మనుషులు తామరకు పూసుకునే క్రీము. బలమైన స్టెరాయిడ్ ఒకటి, యాంటీబయాటిక్ ఒకటి, ఫంగస్ మందు ఒకటి, మూడూ కలిపి కూరతాడు కంపెనీవాడు. ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని 2018లో రూలు వచ్చింది. రూలైతే వచ్చింది గానీ అడిగేవాళ్ళు అడగడం మానలేదు. కుక్క దాన్ని నాకుతుంది, కడుపులోకి పోతుంది, పూసినచోట చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. ఆయనకు భయం లేనిది దాని గురించి. భయమల్లా షాంపూ గురించి.

ఆయన్ని తప్పుపట్టే ముఖం నాకు లేదు. డి.ఫార్మసీ చదివి, రోజూ మందుల మధ్య కూర్చునే నేనే మా కుక్కకు అంతకంటే ఎక్కువ చేశాను.

మా కుక్క పేరు బత్తాయి. లాబ్రడార్. గుర్రంపోడు దిక్కు మా మామకు బత్తాయి తోట ఉంది. 2018లో నలభై రోజుల పిల్లను తెచ్చినప్పుడు దాని రంగు చూసి ఆయనే ఆ పేరు పెట్టాడు. రెండేళ్ళు బాగానే పెరిగింది. 2020 వానాకాలంలో గోకుడు మొదలైంది. ముందు కాళ్ళ వేళ్ళ సందులు నాకడం, తర్వాత చంకలు, పొట్ట, చెవులు. నాకి నాకి పాదాల మీది తెల్ల బొచ్చు తుప్పు రంగుకు తిరిగింది. రాత్రి మంచం కింద టపటపమని కాలు నేలకు కొట్టుకుంటూ గోక్కునే చప్పుడు వింటూ పడుకోవడం ఎంత నరకమో కుక్కను పెంచినవాళ్ళకే తెలుస్తుంది.

గల్లీలో తలా ఒక వైద్యం చెప్పారు. వేపాకు ఉడికించిన నీళ్ళు, పసుపు, కొబ్బరినూనెలో గంధకం. ఒకాయన మెకానిక్ దగ్గర్నుంచి కాలిన ఇంజనాయిలు సీసాలో పట్టుకొచ్చి "ఒక్కసారి పుయ్యి, మళ్ల గజ్జి మొకం సూడదు" అన్నాడు. పల్లెల్లో ఇప్పటికీ గజ్జి కుక్కలకు అది పూస్తారు. కాలిన ఆయిల్లో ఇంజన్ అరిగిన లోహపు పొడి ఉంటుంది, మాడిన పెట్రోలియం మడ్డి ఉంటుంది. కుక్క ఒళ్ళంతా నాకుతుందన్న సంగతి పూసేవాళ్ళకు గుర్తుకు రాదు. దాన్ని మాత్రం నేను పూయలేదు. నేను చేసింది ఇంకొకటి.

సూది వేయించాను. డాక్టరు వద్దన్నా నేనే బతిమాలాను. "ఒక్క సూది ఏయండి సార్, పిల్లలు నిద్రపోతలేరు." అది ఎక్కువ రోజులు ఒంట్లో నిలిచే స్టెరాయిడ్ ఇంజెక్షన్. సాయంత్రానికి గోకుడు బంద్. మూడు వారాలు స్వర్గం. నాలుగో వారం మళ్ళీ మొదలు, మళ్ళీ సూది. పద్నాలుగు నెలల్లో ఏడు సూదులు. నడుమ నడుమ యాంటీబయాటిక్ కోర్సులు, అవి నా షాపులోవే, నేనే లెక్కకట్టి వేసినవి. 34 కిలోల కుక్క 41 కిలోలైంది. బకెట్లో మూతి పెడితే తీసేది కాదు. ఇంట్లో ఎన్నడూ పోయనిది అర్ధరాత్రి వంటింట్లో మడుగు చేసేది. పొట్ట జారింది, వీపు మీద బొచ్చు పలచబడింది. "వీనికి షుగరచ్చిందేమో చూపియ్యిరా" అంది మా అమ్మ. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. స్టెరాయిడ్లు అదేపనిగా పడితే కుక్కలకు షుగర్ రావడం, ఒంట్లో స్టెరాయిడ్ ఎక్కువైతే వచ్చే కుషింగ్ జబ్బు లక్షణాలన్నీ రావడం పుస్తకాల్లో ఉన్నదే.

2021 చివర్లో హైదరాబాద్ తీసుకుపోయాం. చర్మం జబ్బులు చూసే డాక్టరమ్మ. ఆమె మొట్టమొదట చేసిన పని చూసి ఆశ్చర్యపోయాను. మామూలు సెల్లోటేపు ముక్క తీసి బత్తాయి చంకలో అతికించి, పీకి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. నన్నూ చూడమంది. వేరుశనక్కాయల్లా నడుమ నొక్కుకుపోయిన చిన్న చిన్న కణాలు, కుప్పలుగా. మలసేజియా అనే ఈస్టు, ఒక రకం ఫంగస్. పక్కనే గుండ్రటి చుక్కలు, స్టెఫైలోకాకస్ బ్యాక్టీరియా. రెండూ ఆరోగ్యంగా ఉన్న కుక్క ఒంటి మీద కూడా కాసిన్ని ఉంటాయట. అలర్జీతో చర్మం గోడ బలహీనపడితే అవి పెరిగిపోతాయి, అవి పెరిగితే దురద రెట్టింపవుతుంది, గోకితే గోడ ఇంకా చెడుతుంది. ఏడు సూదులు వేయించిన నేను ఈ చక్రాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. ఒక టేపు ముక్క ఖర్చు.

వారానికి రెండుసార్ల చొప్పున నాలుగు వారాలు, ఆ తర్వాత వారానికోసారి షాంపూ అని రాసింది. "ఎన్ని రోజులు మేడమ్?" అన్నాను. "అలర్జీ ఉన్నన్ని రోజులు. అది పోయేది కాదు, అదుపుల ఉండేది." అప్పుడు నేను కూడా సరిగ్గా మా షాపుకొచ్చిన ఆయన అడిగిన ప్రశ్నే అడిగాను, అన్నేళ్ళు మందు షాంపూ వాడితే ఏమన్నా అవుతుందేమోనని. ఆమె ఫైలు మూసి, "ఏడు సూదులు ఏపిచ్చినప్పుడు ఒక్కసారన్న అడిగిన్రా ఈ మాట?" అంది.

అప్పటినుంచి ఇదే ఆలోచన. మనకు కళ్ళముందు నురగ కనిపిస్తుంది, వాసన వస్తుంది, సీసా మీద మెడికేటెడ్ అని రాసి ఉంటుంది. అందుకని భయపడతాం. సూది కనపడకుండా లోపలికి పోతుంది, సాయంత్రానికి ఫలితం చూపిస్తుంది, అందుకని నమ్ముతాం. లెక్క తిరగేయాలంటాను నేను.

క్లోర్‌హెక్సిడిన్ కొత్త మందేమీ కాదు. 1950ల్లో బ్రిటన్‌లో తయారైంది. ఆపరేషన్‌కి ముందు సర్జన్లు చేతులు కడుక్కునే మందుల్లో అదొకటి, చిగుళ్ళ వాపుకి డెంటిస్టు రాసే 0.2 శాతం మౌత్‌వాష్ అదే. ఇంటి దగ్గర కాన్పులు ఎక్కువగా జరిగేచోట పసిపిల్లల బొడ్డుకు పూయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన మందూ అదే. పుండు లేని చర్మం గుండా అది రక్తంలోకి పోయేది నామమాత్రం. అది చర్మానికి అతుక్కుని, కడిగేసిన తర్వాత కూడా కొంతసేపు పనిచేస్తూ ఉంటుంది. మైకోనజోల్‌తో కలిపిన ఈ 2 శాతం, 2 శాతం షాంపూకి మలసేజియా విషయంలో పైపూత మందులన్నిటిలోకీ గట్టి రుజువుందని 2020లో అంతర్జాతీయ పశు చర్మవైద్యుల మార్గదర్శకాలు చెప్పాయి. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో చర్మం పైపైన చీము పట్టిన కుక్కలకు క్లోర్‌హెక్సిడిన్ 4 శాతం షాంపూ, ద్రావణం కలిపి వాడితే అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే యాంటీబయాటిక్ మాత్రలతో సమానంగా తగ్గింది.

ఈ చివరి మాట నాలాంటి మందుల షాపువాడికి చిన్నది కాదు. కుక్కల చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్‌లో చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని రకాలు ఇప్పుడు లోకమంతా ఉన్నాయి. నేను నా చేత్తో వేసిన కోర్సులు అలాంటివాటిని పెంచేవే. షాంపూతో సరిపోయే జబ్బుకి మాత్ర వేస్తే నష్టం ఆ ఒక్క కుక్కతో ఆగదు. అదే మంచం మీద మన పిల్లలు కూడా పడుకుంటారు.

అయితే షాంపూ అంటే గంగాజలం అనడం లేదు. దానివల్ల వచ్చే ఇబ్బందులు నిజమే, కాకపోతే అవి జనం భయపడేచోట లేవు.

కంట్లో పడితే కంటి నల్లగుడ్డు పైపొర దెబ్బతింటుంది. ఇది ఉత్తుత్తి హెచ్చరిక కాదు. మనుషుల్లో కూడా పొరపాటున కంట్లో వేసి చూపు దెబ్బతిన్న కేసులున్నాయి. అందుకే బత్తాయి ముఖానికి నేను షాంపూ పోయను, తడి గుడ్డతో తుడుస్తాను. చెవిలో కర్ణభేరికి చిల్లు ఉంటే లోపలికి పోయి వినికిడి పోవచ్చు. నురగ ఉన్నంతసేపు నాకనివ్వకూడదు, నాకితే చొంగ, వాంతి. చాలా అరుదుగా ఆ మందుకే అలర్జీ ఉంటుంది. మనుషుల విషయంలో అమెరికా మందుల సంస్థ 2017లో దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. పోసిన తర్వాత చర్మం ఇంకా ఎర్రబడి, దురద పెరిగితే ఆపేసి చూపించాలి. అన్నిటికంటే ఎక్కువగా కనపడేది పొడిబారడం. కుక్క బొచ్చు చూసి తోలు మందమనుకుంటాం గానీ, దాని చర్మం పైపొరలో మూడు నుంచి అయిదు వరుసల కణాలే ఉంటాయి, మనిషికి పది పదిహేను. అలర్జీ కుక్కల్లో ఆ కణాల్ని పట్టి ఉంచే కొవ్వు పదార్థాలు కూడా తక్కువే. కాబట్టి షాంపూ తర్వాత తేమ నిలిపే కండిషనరో, స్ప్రేనో తప్పకుండా వాడమంది డాక్టరమ్మ. మొదటి ఏడాది ఖర్చెందుకని అది ఎగ్గొట్టాను. పొట్టు రాలింది. తప్పు షాంపూ మీద వేశాను.

ఇంకో సంగతి. మందు షాంపూలన్నీ ఒకటి కావు. బెంజోయిల్ పెరాక్సైడ్ ఉన్నది జిడ్డును బాగా వదిలిస్తుంది, కానీ అలర్జీ కుక్కకు నెలల తరబడి పోస్తే చర్మం ఎండిపోతుంది. తువ్వాళ్ళ రంగు కూడా పోగొడుతుంది. కోల్‌తార్ ఉన్నవి పాత సరుకు, ఇంట్లో పిల్లి ఉంటే అసలు తేకూడదు, పిల్లులకు విషం. మనుషుల షాంపూ, డెట్టాల్ లాంటివి కుక్కల కోసం తయారైనవి కావు. మన చర్మం ఆమ్ల గుణంతో ఉంటుంది, కుక్కలది తటస్థానికి దగ్గర. "ఏ మందు షాంపూ ఎన్నాళ్ళు" అని అడిగితేనే జవాబుంటుంది. "మందు షాంపూ మంచిదేనా" అంటే ఏం చెప్పగలం? సీసా వెనక అక్షరాలు భూతద్దం పెట్టుకుని చదవాలి. నా షాపులో భూతద్దం ఉంది, కావలిస్తే ఇస్తాను.

ఇక వాడే పద్ధతి. పది నిమిషాలు ఒంటి మీద ఉంచాలి. లాబ్రడార్‌తో పది నిమిషాలంటే పెళ్ళి తంతంత సేపు. ఫోనులో టైమర్ పెట్టి, మా అమ్మ కీరదోస ముక్కలు ఒక్కొక్కటే నోటికందిస్తూ కూర్చుంటుంది. నేను కాళ్ళ వేళ్ళ సందుల్లో రుద్దుతాను. మా దగ్గర షాంపూ కొనేవాళ్ళలో ఎక్కువమంది పోసిన రెండు నిమిషాలకే కడిగేస్తారు, లేదా సీసా చాలా రోజులు రావాలని బకెట్ నీళ్ళలో ఒక మూత కలిపి పోస్తారు. "పని చేస్తలేదన్నా" అని మళ్ళీ వస్తారు. సీసాలో మందు బ్యాక్టీరియాను చంపడానికి కావలసిన దానికి వేల రెట్లు ఉంటుంది, అదే దాని బలం. పలచన చేసి, రెండు నిమిషాలుంచితే చావని క్రిములకు మందును అలవాటు చేసినట్టవుతుంది. మందుకు లొంగని క్రిముల భయం ఎక్కడైనా ఉంటే ఈ ఒక్క మూతలో ఉంది.

కెమిస్ట్రీలో ఒక చిన్న తమాషా కూడా ఉంది. క్లోర్‌హెక్సిడిన్‌కి ప్లస్ ఛార్జి, మామూలు సబ్బు నురగకు మైనస్ ఛార్జి. రెండూ కలిస్తే మందు చచ్చిపోతుంది. మా ఆవిడ మొదట్లో "మందు వాసనొస్తోంది" అని షాంపూ అయిన వెంటనే మా పిల్లల బేబీ సబ్బుతో ఇంకోసారి రుద్దేది. నెలన్నరపాటు ప్రతి ఆదివారం అయిదువందల రూపాయల మందును సబ్బుతో చంపి మోరీలో పోశాం. ఇంకొకటి, బత్తాయిని తుడిచిన తువ్వాలును బ్లీచింగ్ వేసి ఉతికితే గోధుమరంగు మచ్చలు పడతాయి, ఎంత రుద్దినా పోవు. అది బట్ట మీద మిగిలిన క్లోర్‌హెక్సిడిన్, బ్లీచుతో కలిసి చేసే పని. కుక్క రక్తం కారిందనుకుని మా చిన్నోడు ఏడ్చాడు.

నల్గొండ నీళ్ళ సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. "మన బోరు నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఉంటది, దానికే కుక్కలకు దురద" అని ఇక్కడ ఒక మాట తిరుగుతుంది. ఫ్లోరైడ్ చేసే అన్యాయం తాగిన నీళ్ళతో, ఎముకలకీ పళ్ళకీ. మర్రిగూడ దిక్కు వంగిపోయిన మనుషుల్ని చూసినవాళ్ళకు అది వేరే చెప్పక్కర్లేదు. స్నానం చేయిస్తే వచ్చే దురదకి దాన్ని కారణం చేయడం ఆ మనుషుల బాధను చులకన చేయడమే. బోరు నీళ్ళతో ఉండే అసలు పేచీ గట్టితనం. ఉప్పు నీళ్ళల్లో నురగ సరిగా రాదు, క్లోర్‌హెక్సిడిన్‌ని అలాంటి నీళ్ళల్లో కలిపి ఉంచితే కొంత మడ్డిలా విరిగి అడుగుకి దిగొచ్చు. అలాగని గట్టి నీళ్ళవల్లే చర్మం జబ్బులొస్తాయని గట్టిగా అనలేం. బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న పిల్లల ఇళ్ళల్లో నీటిని మెత్తబరిచే యంత్రాలు పెట్టి చూశారు, 2011లో ఫలితాలొచ్చాయి, ఎగ్జిమాకు అదనపు మేలేం కనపడలేదు. మేము చేసే పని ఏంటంటే, షాంపూ నేరుగా తడి ఒంటి మీదే పోస్తాం, బకెట్లో కలపం. భగీరథ నల్లా నీళ్ళు రెండు డ్రమ్ములు పట్టి పెట్టుకుని కడగడానికి అవే వాడతాం. లేనినాడు బోరు నీళ్ళే. ఏ నీళ్ళయినా చంకల్లో, వేళ్ళ సందుల్లో జారుడు పోయేదాకా కడగాలి. మిగిలిపోయిన షాంపూ చేసే దురద అలర్జీ దురదలాగే ఉంటుంది. మే నెలలో, 44 డిగ్రీల ఎండలో డ్రమ్ము నీళ్ళు పొద్దెక్కితే మరుగుతుంటాయి. వేడి నీళ్ళు దురదను పెంచుతాయి. అందుకని తెల్లారి ఆరింటికే.

షాంపూ మీద నాకున్న ఒకే ఒక్క అసలైన ఫిర్యాదు, అది బాగా పనిచేయడం. గోకుడు తగ్గితే మనిషి బేఫికర్ అవుతాడు. షాంపూ క్రిముల్ని తగ్గిస్తుంది, అలర్జీని కాదు. ఒక పక్క గోమార్లు, ఫ్లీలనే గెంతే పురుగులు ఒంటి నిండా ఉంటే ఎన్ని సీసాలు పోసినా దండగ. మన దగ్గర కుక్క గోక్కుంటుందంటే ముందు వాటికే మందు పడాలి. తర్వాత తిండి. మా మామ ప్రేమకొద్దీ వేసే చికెన్ తోలూ, పెరుగన్నమూ ఆపి, అది ఎన్నడూ తినని మాంసంతో ఎనిమిది వారాలు గడిపాం. తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో నూటికి తొంభైకి పైగా ఆ ఎనిమిది వారాల్లోపే తేరుకుంటాయంటారు. బత్తాయి తేరుకోలేదు, అంటే తిండి కాదు. ఆ ఎనిమిది వారాలు మా మామ మా ఇంటికి రాలేదు, వస్తే వేయకుండా ఉండలేనని. మిగిలింది గాలిలోనిది. దుమ్ములో పురుగులు, పుప్పొడి. మా ఇంటి వెనక ఖాళీ ప్లాట్ల నిండా వానాకాలం వయ్యారిభామ మొలుస్తుంది. అది మనుషుల చర్మానికే పడదు. కుక్కకు అదేనని పరీక్ష చేయించి తేల్చుకోలేదు గానీ, ఆ ప్లాట్ల దిక్కు షికారు మాత్రం మానేశాం.

ఇంత చేసినా సెప్టెంబరు, అక్టోబరుల్లో షాంపూ ఒక్కటే సరిపోదు. ఆ రెండు నెలలు దురద మాత్ర పడుతుంది. 2013లో అమెరికాలో అనుమతి వచ్చిన ఒక్లాసిటినిబ్ అని ఉంది, ఖరీదైనదే. అప్పుడప్పుడు నాలుగు రోజులు స్టెరాయిడ్ మాత్ర కూడా ఇచ్చింది డాక్టరమ్మ. నేను స్టెరాయిడ్‌కి శత్రువును కాను. లెక్కగా, కొన్నాళ్ళు, ఎందుకో తెలిసి ఇచ్చేదానికీ, బతిమాలి వేయించుకునే సూదికీ చాలా దూరం ఉంది. షాంపూ ఉండబట్టే ఆ మాత్రల రోజులు తగ్గాయి.

"ఎంతైనా మందు మందే గదా, జీవితమంతానా?" అంటుంది మా అక్క. ఆమె తొమ్మిదేళ్ళ నుంచి పొద్దున్నే బీపీ గోళీ వేసుకుంటుంది, ఆ గోళీ ఇచ్చేది నేనే.

నాలుగేళ్ళు దాటింది. వారానికోసారి, మొత్తం మీద రెండువందల స్నానాల పైనే. ఆరు నెలలకోసారి టేపు పరీక్ష. బత్తాయి మళ్ళీ 34 కిలోలకొచ్చింది, బొచ్చు నిండింది, మూతి మాత్రం తెల్లబడింది. అది వయసు.

పోయిన నెల పరీక్షలో టేపు మీద దాదాపు ఏమీ లేదు. "చలికాలమే గదా, ఇగ పదిహేను రోజులకోసారి పోయండి. అవసరం లేనప్పుడు తగ్గించుకోవాలె" అంది డాక్టరమ్మ. నా గుండె గుభేల్‌మంది. తగ్గిస్తే మళ్ళీ ఆ రాత్రులు వస్తాయేమో, మంచం కింద ఆ చప్పుడు వస్తుందేమో. "వారానికోసారే పోస్తే ఏమన్నయితదా మేడమ్?" అన్నాను. ఆమె నా దిక్కు చూసి నవ్వింది, చీటీ మీద పదిహేను రోజులు అన్న మాట కింద రెండు గీతలు గీసి ఇచ్చింది.

నిన్న ఆదివారం షాంపూ లేదు. పొద్దున ఆరింటికి బత్తాయి అలవాటు ప్రకారం డ్రమ్ముల దగ్గరికి పోయి నిలబడింది. మా అమ్మ కీరదోస ముక్కలు మాత్రం పెట్టింది. రాత్రి రెండుసార్లు లేచి, మంచం పక్కన కూర్చుని చెవి పెట్టి విన్నాను. గురక పెడుతోంది.